బడి పియానోలు ఐదు, ఏడాదికి డబ్బు 450 డాలర్లు. ఏం చేయమంటారు?

గోదారిగట్టు (కొలంబస్ దగ్గర, ఒహాయో) · అక్టోబర్ 6

అందరికీ నమస్కారం. ఇది సంగీతం విభాగంలో పెట్టాలో పిల్లల చదువుల విభాగంలో పెట్టాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను. నిర్వాహకులు జరపాలనుకుంటే జరపండి.

మా అమ్మాయి ఏడో తరగతి. ఇక్కడి పబ్లిక్ మిడిల్ స్కూల్లో కోరస్ పాడుతుంది. మొన్న వాళ్ళ చిన్న కచేరీకి మా అమ్మని కూడా తీసుకెళ్ళాను. అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి నెలైంది, చిన్నప్పుడు పదేళ్ళు గాత్రం నేర్చుకుంది. పిల్లలు పాడుతున్నంతసేపూ మొహం చిట్లించుకుని కూర్చుంది. బయటికొచ్చాక, "పిల్లలు బానే పాడార్రా, ఆ పెట్టెకే శ్రుతి లేదు. ఒక్క మెట్టు నొక్కితే మూడు గొంతులు పలుకుతున్నాయి" అంది.

నేను పీటీఏ (తల్లిదండ్రులూ టీచర్లూ కలిసిన బడి సంఘం) ట్రెజరర్ని (ఇంకెవరూ చెయ్యెత్తలేదు, అంతకు మించి అర్హత లేదు). మర్నాడు కోరస్ టీచర్‌ని అడిగితే ఆవిడ కళ్ళనీళ్ళ పర్యంతమైంది. స్కూల్లో పియానోలు ఐదున్నాయట. కోరస్ గదిలో బాల్డ్విన్ హామిల్టన్, ఆడిటోరియంలో ఒక యమహా గ్రాండ్, బ్యాండ్ గదిలో పొట్టి స్పినెట్, కెఫెటీరియాలో ఎవరి జమానాదో తెలియని నిలువు పియానో, కారిడార్లో ఎవరో దానమిచ్చింది ఇంకొకటి. పియానోల మరమ్మతుకి మాత్రమే, అంటే బాకాలూ క్లారినెట్లూ కలిపి కాదు, ఏడాదికి 450 డాలర్లు. ఇక్కడ ఒక పియానో శ్రుతి చేస్తే 170 అడుగుతున్నారు. ఐదింటికి ఒక్కసారికే సరిపోదు.

ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పోట్లాడినట్టుంది మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి పబ్లిక్ బడుల్ని నడిపే సంస్థ) వ్యవహారం. అనుభవం ఉన్నవాళ్ళు దారి చూపించండి.

కోడ్‌కోతి (డాలస్) · అక్టోబర్ 6

అన్నా, 170 ఎందుకు తగలేస్తరు. ఆన్‌లైన్ల ముప్పై డాలర్లకు రెంచీ దొరుకుతది, ఫోన్ల ట్యూనర్ ఆప్ ఉంటది. శనివారం కూసుంటే ఐపోతది. వివరంగా రాత్రికి రాస్త.

తీగలమేస్త్రి (షికాగో శివారు) · అక్టోబర్ 6

కోడ్‌కోతి గారూ, రాత్రికి రాసేముందు ఒక్క నిమిషం ఆగండి.

నేను ఈ పనే చేస్తాను. మెకానికల్ ఇంజనీరుగా వచ్చి, లేఆఫ్‌లో పడి, చివరికి పియానో టెక్నీషియన్ అయ్యాను. పియానో టెక్నీషియన్స్ గిల్డ్ వాళ్ళ మూడు పరీక్షలూ పాసయ్యాను: రాతది, మరమ్మతుది, శ్రుతిది. నా పనిలో మూడో వంతు స్కూళ్ళే.

గోదారిగట్టు గారూ, మీ అమ్మగారు రోగం సరిగ్గా పట్టారు. పియానోలో 88 మెట్లున్నా తీగలు దాదాపు 230. మధ్య నుంచి పైకి ఒక్కో మెట్టుకి మూడు తీగలు. ఆ మూడూ ఒకటిగా పలికితేనే ఒక స్వరం. ఒకటి జారినా "వావ్ వావ్" అని ఊగుతుంది. అమ్మగారు విన్న మూడు గొంతులు అవే.

ఎందుకు జారుతుందంటే, అన్ని తీగల లాగుడూ కలిపితే సుమారు 18 టన్నులు. ఆ బరువంతా ఇనప చట్రం మోస్తుంది కానీ, తీగలు వంతెన అనే చెక్క పట్టీ మీదుగా ఒక పల్చటి స్ప్రూస్ చెక్క పలకని నొక్కుతూ ఉంటాయి. ఆ పలక తేమ పీలిస్తే ఉబ్బి తీగల్ని పైకి తోస్తుంది, శ్రుతి పెరుగుతుంది. చలికాలం హీటర్ వేస్తే ఎండి కుంగుతుంది, శ్రుతి దిగుతుంది. పిల్లలు గట్టిగా వాయించడం వల్ల పాడవుతుందని అందరూ అనుకుంటారు. అది చిన్న కారణం, పెద్ద కారణం గాలి.

డబ్బు సంగతి తర్వాత. ముందు రేపు స్కూలుకెళ్ళి మూడు చూడండి. పైమూత ఎత్తి లోపల పెన్సిల్‌తో రాసిన తేదీలేమైనా ఉన్నాయేమో. చాలామంది ట్యూనర్లు అక్కడ రాసిపెడతారు. ఏ పియానో దేని పక్కనుంది: కిటికీ, బయటి తలుపు, వేడిగాలి వచ్చే జాలీ. ఇక దేన్ని వారానికెన్ని గంటలు వాడుతున్నారు.

గోదారిగట్టు · అక్టోబర్ 8

వెళ్ళొచ్చాను. హామిల్టన్ లోపల తేదీలున్నాయండీ! 1998 నుంచి ఏటా రెండేసి, తర్వాత ఏటా ఒకటి, చివరిది 2016. ఆ వరస చూస్తుంటే స్కూలు బడ్జెట్ చరిత్రంతా అక్కడే చదువుకున్నట్టయింది. లోపల ఇంకా ఏమున్నాయంటే పదకొండు పెన్సిళ్ళు, ఒక రిటైనర్ (పళ్ళది!), ముప్పై ఏడు సెంట్లు.

హామిల్టన్ సరిగ్గా వేడిగాలి జాలీ మీదే ఉంది. రోజుకి ఐదు పీరియడ్లు వాడతారు. గ్రాండ్ స్టేజీ పక్క చీకట్లో ఉంటుంది, ఏడాదికి పది పన్నెండు కార్యక్రమాలు. స్పినెట్‌ని బ్యాండ్ సార్ ఎప్పుడైనా ఒక స్వరం ఇవ్వడానికి వాడతాడు. కెఫెటీరియా పియానో మీద పాల డబ్బాల ట్రేలు పెడుతున్నారు. కారిడార్ పియానోని ఎవరూ ముట్టుకోరు.

కోడ్‌కోతి · అక్టోబర్ 8

రాత్రికి రాస్త అని రెండు రోజులాయె. నిజం చెప్పాల్నంటే రాయడానికి మొహం చెల్లలే. నవ్వొద్దు.

పోయినేడు మా అక్క బిడ్డ బడిల మ్యూజిక్ టీచర్‌ని ఒప్పించి నేనే మొదలువెట్టిన. కింద నుంచి పది పన్నెండు మెట్లు మంచిగనే అయినట్టు అనిపించింది. పైకి వొయ్యినంక ఒక తీగ ఎంత తిప్పినా ఆప్‌ల సూది కదుల్తలేదు. ఇంకింత తిప్పిన. ఇంకింత. "టాప్" మని తెగి నా చెంప పక్కనుంచి పోయింది. చూస్తే నేను వింటున్న తీగ ఒకటి, రెంచీ పెట్టిన బిరడ (తీగ చుట్టిన మేకు) ఇంకొకటి. అద్దాలు లేకుంటే కన్ను పోతుండె. తర్వాత అసలు టెక్నీషియన్ వచ్చి తెగిన తీగ మార్చి, నేను ఆగం చేసిన పది మెట్లు మళ్ళ మొదటికెళ్ళి చేసిండు. 340 డాలర్ల బిల్లు నేనే కట్టిన. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

తీగలమేస్త్రి · అక్టోబర్ 8

నవ్వడం లేదు తమ్ముడూ, మేమందరం నేర్చుకునేటప్పుడు ఒక్కసారైనా ఆ పని చేసినవాళ్ళమే. తేడా ఏంటంటే మేం మా సొంత పియానోల మీద చేశాం.

ఇంకో సంగతి. మామూలు గిటార్ ట్యూనర్ ఆప్ పియానోకి పనికిరాదు. పియానో తీగ బిరుసుగా ఉంటుంది, దాని పైస్వరాలు (అసలు స్వరంతో పాటు అదే తీగలోంచి సన్నగా వచ్చేవి) లెక్క ప్రకారం రావాల్సిన చోటు కంటే కాస్త పైన పలుకుతాయి. అందుకని స్థాయిలన్నీ కొంచెం సాగదీసి శ్రుతి చెయ్యాలి. పై చివర మెట్టు లెక్క కంటే ముప్పై సెంట్ల (డబ్బు కాదు, పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) దాకా ఎక్కువుంటుంది, కింది చివర తక్కువుంటుంది. ఒక్కో పియానోకి ఆ సాగుడు వేరు. దాన్ని కొలిచి చేసే ఆప్‌లున్నాయి: ట్యూన్‌ల్యాబ్, పియానోమీటర్, జర్మనీలోని వ్యుర్త్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎంట్రోపీ పియానో ట్యూనర్. కానీ ఆప్ ఎంత మంచిదైనా బిరడని నిలబెట్టేది చెయ్యి. తిప్పడం ఒక్క రోజులో వస్తుంది. తిప్పినచోట నిలబెట్టడానికి కొన్ని వందల పియానోలు పడతాయి.

వీణాధరి (ఎడిసన్, న్యూజెర్సీ) · అక్టోబర్ 9

గోదారిగట్టు గారూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఒక చిన్న హెచ్చరిక: శ్రుతి చేయించాక కూడా ఆవిడకి ఆ పియానో నచ్చకపోవచ్చు!

మనం తంబురా ముందు కూర్చుని పాడే అంతర గాంధారం (సరిగమల్లో గ) షడ్జమానికి (స) 5/4 నిష్పత్తిలో ఉంటుంది, సెంట్లలో 386. పియానోలో స్థాయిని పన్నెండు సమాన ముక్కలు చేస్తారు కాబట్టి అక్కడ గాంధారం 400. పద్నాలుగు సెంట్లు ఎక్కువ. తంబురాకి అలవాటుపడ్డ చెవికి అది బిర్రుగా వినిపిస్తుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలు స్కూల్లో కోరస్, ఇంట్లో గీతాలు పాడుతుంటారు, సోమవారం నాటికి వాళ్ళ గాంధారం ఎటు పోయిందో వెతుక్కోవాలి నేను.

మేస్త్రి గారూ, నేను చెప్పింది సరేనా?

తీగలమేస్త్రి · అక్టోబర్ 9

నూటికి నూరు పాళ్ళు. పైగా మేం శ్రుతి చేసేది ఆ తప్పుని లెక్కపెట్టే! మధ్యస్థాయిలో (ఎఫ్ అనే మెట్టు షడ్జమం అనుకుంటే ఏ అనే మెట్టు గాంధారం) ఒక ఎఫ్‌నీ దాని పైన ఏ‌నీ కలిపి నొక్కి సెకనుకి ఏడు ఊపులు వస్తున్నాయా లేదా అని వింటాం. అసలు ఊగకపోతే మీ గాంధారం, ఏడుసార్లు ఊగితే మా గాంధారం. అమ్మగారు కూర్చుంటానంటే పక్కన కుర్చీ వేయించండి, వినడానికి సరదాగా ఉంటుంది.

ఇక డబ్బు. నా సలహా కఠినంగా ఉంటుంది, టీచర్‌కి నచ్చకపోవచ్చు.

ఐదింటికీ తలా కొంత పంచకండి. కోరస్ గది హామిల్టన్ రోజుకి ఐదు పీరియడ్లు పిల్లల చెవులకి శ్రుతి నేర్పుతోంది. మీ డబ్బులో సింహభాగం దానికే. గ్రాండ్‌కి డిసెంబర్ కచేరీ ముందు ఒక్కసారి. మిగతా మూడింటికి పైసా పెట్టొద్దు.

హామిల్టన్ మంచి గుర్రం. బాల్డ్విన్ వాళ్ళు బళ్ళ కోసమే చేసిన మోడల్, అమెరికా స్కూళ్ళలో ఎక్కడ చూసినా అదే, లేకపోతే యమహా పీ22. గట్టి చెక్క, బరువైన చట్రం, తాళం వేసుకునే మూత. దాన్ని ముందు ఆ జాలీ మీదనుంచి లోపలి గోడవైపు ఆరేడు అడుగులు జరపండి. దీనికి ఖర్చు సున్నా, పాతిక డాలర్లు పెట్టినా ఇంత ఫలితం రాదు.

జరిపేది మాత్రం పిల్లలు కాదు, మీరూ కాదు. ఇద్దరు పెద్దవాళ్ళు, తెలిసినవాళ్ళు. అది రెండు వందల కిలోల పైమాట. ఇనప చట్రం వెనకవైపు, ఎత్తులో ఉంటుంది కాబట్టి నిలువు పియానో వెనక్కే పడుతుంది. కార్పెట్ అంచుకి చక్రం తట్టుకుంటే చాలు. పిల్లల మీద పడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. వెడల్పాటి అడుగున్న బండి మీదకి ఎక్కించి జరపాలి.

2016 తర్వాత ముట్టుకోలేదంటే శ్రుతి బాగా దిగి ఉంటుంది. ఒక్కసారిలో కుదరదు. ముందు మొత్తం పైకి లాగాలి. ఒకవైపు తీగలు బిగిస్తుంటే పలక కుంగి అవతలివైపు తీగలు సడలుతాయి. అందుకని దిగినదానిలో పావు వంతు అదనంగా ఎక్కించి వదిలేస్తే, అది జారి దరిదాపుల్లో ఆగుతుంది. ఆ తర్వాత అసలు శ్రుతి. దానికి అదనంగా యాభై, అరవై అడుగుతారు, అది న్యాయమే.

తేదీ కూడా ముఖ్యం. హీటింగ్ మొదలైన మూడు వారాల తర్వాత పిలవండి. సెప్టెంబర్లో చేయించిన శ్రుతి నవంబర్‌కి ఉండదు. చాలా స్కూళ్ళు చేసే తప్పు ఇదే.

బడిపంతులమ్మ (షార్లట్, నార్త్ కరోలినా) · అక్టోబర్ 10

నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని, కాబట్టి కాయితాల సంగతి చెప్తాను. టెక్నీషియన్‌ని పిలిచేముందు పర్చేజ్ ఆర్డర్ చేతిలో ఉండాలి. పని అయ్యాక బిల్లు పంపితే డిస్ట్రిక్ట్ ఆఫీసు తిప్పి పంపుతుంది. మా దగ్గర ఒక పెద్దాయన అలా నాలుగు నెలలు తిరిగి మళ్ళీ మా స్కూలు గడప తొక్కలేదు. ఆయన్ని వెండర్‌గా నమోదు చెయ్యాలి, డబ్ల్యూ-9 ఫారం (పన్ను నంబరు ఇచ్చే కాయితం), ఇన్సూరెన్స్ పత్రం, పిల్లలున్న వేళలో వస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్. దీనికే నెల పడుతుంది. పీటీఏ నేరుగా కడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. గోదారిగట్టు గారు ట్రెజరర్ కావడం అదృష్టం.

డోనర్స్‌చూజ్‌లో కూడా పెట్టించండి, టీచర్లు అడిగినవాటికి జనం చందాలిచ్చే వెబ్‌సైటు. 2000లో బ్రాంక్స్‌లో ఒక టీచర్ మొదలుపెట్టిన సైటు అది, పబ్లిక్ స్కూలు టీచర్లందరూ పెట్టొచ్చు. డబ్బు చేతికివ్వరు, వస్తువు కొని పంపుతారు. పియానో కవరు, తేమ కొలిచే మీటరు, బెంచీ లాంటివాటికి బాగా పనికొస్తుంది.

ఫ్రీమాంట్_ప్రసాదు (కాలిఫోర్నియా) · అక్టోబర్ 11

మా రాష్ట్రంలో 2022 నవంబర్లో ప్రాప్ 28 అనే చట్టాన్ని ఓటేసి గెలిపించుకున్నాం. కళలకీ సంగీతానికీ ఏటా విడిగా డబ్బొస్తుంది. ఇంకేముంది, పియానోలన్నీ పాడతాయి అనుకున్నాం. తీరా నిబంధన చూస్తే 500 మంది, ఆ పైన విద్యార్థులున్న డిస్ట్రిక్టుల్లో కనీసం 80 శాతం సిబ్బంది జీతాలకే ఖర్చుపెట్టాలి. టీచర్ వచ్చింది, చాలా మంచి టీచర్. ఆవిడ వచ్చి మూత ఎత్తితే నాలుగు మెట్లు పలకవు! మిగతా డబ్బులోంచే శిక్షణ, సామాను, మరమ్మతు అన్నీ.

లాస్ ఏంజెలస్ యూనిఫైడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళని చూస్తే కుళ్ళు పుడుతుంది. 1959 నుంచి పిల్లల వాయిద్యాలు ఉచితంగా బాగుచేసే సొంత షాపు ఉంది వాళ్ళకి. పియానో మనుషులు కూడా జీతం మీదే. దాని మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి 2024లో ఆస్కార్ వచ్చింది.

నన్నడిగితే ఈ తలనొప్పంతా ఎందుకండీ? డిజిటల్ పియానో ఒకటి కొనిపడేస్తే శ్రుతీ లేదు, తేమా లేదు.

తీగలమేస్త్రి · అక్టోబర్ 11

ప్రసాదు గారూ, నా పొట్ట కొట్టే మాటే అయినా సగం ఒప్పుకుంటాను. బ్యాండ్ గదిలో స్వరం ఇవ్వడానికి డిజిటల్ చాలు. ఆ స్పినెట్ కంటే వెయ్యి రెట్లు నయం. స్పినెట్‌లో యంత్రాంగం మెట్ల కిందకి దిగి ఉంటుంది. ఒక చిన్న ముక్క మార్చాలన్నా మెట్లన్నిటి నుంచి దాన్ని విడదీసి పైకి లాగాలి. 1950 ప్రాంతాల్లో చేసినవాటిల్లో కొన్నిటికి ప్లాస్టిక్ మోచేతులు (మెట్టునీ యంత్రాంగాన్నీ కలిపే కీళ్ళు) ఉంటాయి, ఇప్పుడు ముట్టుకుంటే బిస్కెట్‌లా విరుగుతాయి. దానికి డబ్బు పెట్టమని నేనెప్పుడూ చెప్పను.

కానీ కోరస్ గదిలో ముప్పై మంది పిల్లలు పాడుతున్నప్పుడు డిజిటల్ స్పీకరు వెనకబడిపోతుంది. పదిహేనేళ్ళకి లోపలి బోర్డు పోతే దాని విడిభాగం దొరకదు. మీ హామిల్టన్ పుట్టి నలభై యాభై ఏళ్ళయి ఉంటుంది, ఇప్పటికీ ప్రతి ముక్కా బజార్లో దొరుకుతుంది.

బీచ్‌రోడ్డు (విశాఖపట్నం) · అక్టోబర్ 13

బాబూ, మీరంతా అమెరికా పొడిగాలి గురించి చెప్తున్నారు. మా ఊరి ఉప్పుగాలి సంగతి ఒకటి వినండి. నేను రిటైరైన టీచర్ని. మా పాత మిషన్ బడిలో తెల్లదొరల కాలం నాటి ఇంగ్లీషు పియానో ఉండేది, ముందు కొవ్వొత్తులు పెట్టుకోడానికి ఇత్తడి చేతులతో. వానాకాలం మెట్లు ఉబ్బి, నొక్కితే దిగి పైకి లేచేవి కావు. అప్పుడు మా ఫాదర్ గారు పియానో కింది అరలో నలభై వాట్ల బల్బు పెట్టించేవారు, జూన్ నుంచి డిసెంబర్ దాకా పగలూ రాత్రీ వెలిగేది. ఆ వేడికే లోపల పొడిగా ఉండేది. బొద్దింకలు, పురుగులు ఫెల్ట్ తినకుండా నాఫ్తలీన్ ఉండలు గుడ్డలో కట్టి వేసేవాళ్ళం. ఏటా ఒకాయన మద్రాసు మెయిల్లో వచ్చి రెండు రోజులుండి శ్రుతి చేసి వెళ్ళేవారు. తర్వాత రెండేళ్ళకోసారి. తర్వాత రాలేదు.

ఒక సెలవుల్లో మా వాచ్‌మన్ బిరడలు తుప్పు పడుతున్నాయని జాలిపడి కుట్టుమిషన్ నూనె పోశాడు. పాపం, మంచి ఉద్దేశమే. అంతటితో బిరడలు పట్టు వదిలేశాయి. అయినా ఏదోలా వాయించుకునేవాళ్ళం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. కిటికీలు ఎగిరిపోయి రాత్రంతా వాన లోపలే కురిసింది. వారం తర్వాత మూత ఎత్తితే ముక్కల జిగురంతా విడిపోయి కుప్పగా ఉంది. ఆ ఇత్తడి చేతులు మాత్రం ప్రార్థన గదిలో గోడకి బిగించారు.

తీగలమేస్త్రి · అక్టోబర్ 13

పంతులుగారూ, ఆ బల్బు పెట్టించిన ఫాదర్ గారికి దండం. ఇవాళ మేం ఆరేడు వందల డాలర్లకి బిగించే డాంప్-చేజర్ పరికరంలో సగం ఆ బల్బే. లోపల ఒక వేడి కడ్డీ, ఒక నీళ్ళ తొట్టి, రెండింటి మధ్య తేమ చూసి దేన్ని ఆన్ చెయ్యాలో తేల్చే చిన్న డబ్బా. నలభై, నలభై ఐదు శాతం దగ్గర నిలబెడుతుంది.

నూనె విషయం అందరూ రాసిపెట్టుకోండి. బిరడ నిలబడేది చెక్క బొక్కలో రాపిడి వల్లనే. నూనె గానీ, డబ్బాల్లో వచ్చే స్ప్రే గానీ పడితే ఆ చెక్క తాగేస్తుంది, వెనక్కి రాదు. ఉత్తగా వదులైన బిరడలకైతే ఒక చవక వైద్యం ఉంది: నీళ్ళలా పల్చగా ఉండే సూపర్ గ్లూ బిరడ మొదట్లో చుక్కలుగా వేస్తాం, సన్న బీటల్లోకి పీల్చుకుని పట్టు ఇస్తుంది. నూనె తాగిన చెక్కకి అదీ పనిచెయ్యదు. కోడ్‌కోతి తమ్ముడూ, ఇదీ ఇంట్లో ప్రయత్నించకు.

కోడ్‌కోతి · అక్టోబర్ 13

నేను ఇప్పుడు రెంచీతోని మంచాలు బిగిస్తున్న. మీరు నిశ్చింతగ ఉండుండ్రి.

గోదారిగట్టు · నవంబర్ 9

ఆలస్యానికి క్షమించండి. హామిల్టన్‌ని లోపలి గోడకి జరిపించాం. మొన్న టెక్నీషియన్ వచ్చారు. 32 సెంట్లు దిగి ఉందట. లాగి శ్రుతి చేయడానికి మూడున్నర గంటలు, 230 డాలర్లు. తీగల్ని కొట్టే సుత్తుల మీద గాట్లు లోతుగా పడ్డాయి, వచ్చే ఏడు అరగదీద్దాం అన్నారు. అమ్మని తీసుకెళ్ళి కుర్చీ వేశాను. ఆయన ఊపులు లెక్కపెట్టడం చూసి, "లెక్కపెట్టి మరీ తప్పు పెడుతున్నాడేంట్రా" అంది.

గ్రాండ్ దగ్గరే అసలు కథ. మూత ఎత్తగానే ఆయన నా వంక చూసి "ఇక్కడ పసుపు రంగు మెతుకులు ఏంటి" అనడిగారు. పులిహోర! అంచున కాఫీ కప్పు గుండ్రటి మరకలు ఆరు, ఒక ఎండిన బంతిపువ్వు. పోయిన మార్చిలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకలు ఆ ఆడిటోరియంలోనే. నేనూ వాలంటీర్నే. ఆ గ్రాండ్‌ని స్టేజీ మూలకి తోసింది కూడా మేమే, అదీ కూచిపూడికి చోటు చాల్లేదని.

సంఘసేవకుడు (ఒహాయో) · నవంబర్ 9

ప్రతిదానికీ సంఘాన్ని అనడం ఈమధ్య ఫ్యాషన్ అయిపోయింది. ఆడిటోరియానికి అద్దె కడుతున్నాం, కస్టోడియన్ (బడి శుభ్రం, తాళాలు చూసే ఉద్యోగి) గంటలకి విడిగా కడుతున్నాం, డిపాజిట్ కడుతున్నాం. పియానో మీద ప్లేట్లు పెట్టొద్దని ఎవరూ చెప్పలేదు. మాకు ముందే చెబితే కదా తెలిసేది?

వీణాధరి · నవంబర్ 9

వీణ మీద ప్లేటు పెట్టొద్దని మీకెవరు చెప్పారండీ?

నిర్వాహకులు · నవంబర్ 10

ఇద్దరి తర్వాతి ఏడు వ్యాఖ్యలు తీసేశాం. శ్రుతి మించి రాగాన పడుతోంది. విషయానికి రండి.

బడిపంతులమ్మ · నవంబర్ 10

తిట్టుకోవడం ఆపి పని చూద్దాం. చాలా డిస్ట్రిక్టుల అద్దె పట్టికలో పియానో వాడితే వేరే రుసుము ఉంటుంది. మీ పట్టికలో లేకపోతే చేర్చమని ప్రిన్సిపాల్‌ని అడగండి. తెలుగు సంఘమే కాదు, చర్చి వాళ్ళు, డ్యాన్స్ స్కూళ్ళు అందరూ కడతారు. ఏడాదికి ఆరు అద్దెలు, ఒక్కోదానికి ముప్పై వేసుకున్నా గ్రాండ్ శ్రుతి ఖర్చు వచ్చేస్తుంది, పిల్లల డబ్బు ముట్టుకోనక్కర్లేదు. పియానోకి కవరు, మూతకి తాళం, "దీని మీద ఏమీ పెట్టరాదు" అని ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా ఒక కాయితం.

ఫ్రీమాంట్_ప్రసాదు · నవంబర్ 11

ఇంకో దారి. మనలో సగం మంది ఐటీ కంపెనీల్లోనే కదా. పీటీఏకి 501(సి)(3) హోదా (పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ అన్న గుర్తింపు) ఉంటే చాలా కంపెనీలు మనమిచ్చినంత తామూ వేస్తాయి. వాలంటీరు గంటలకి కూడా డబ్బిచ్చేవి ఉన్నాయి. పీటీఏ లెక్కలు రాసిన గంటలు, ఆ హామిల్టన్‌ని జరిపించిన గంటలు అన్నీ పోర్టల్లో ఎక్కించండి. మాలో ఇరవై మంది ఎక్కిస్తే రెండు వేలు దాటింది. ఎవరి జేబులోంచీ రూపాయి పోలేదు.

సంఘసేవకుడు · నవంబర్ 12

మొన్న కోపంలో రాశాను. కమిటీలో మాట్లాడాను. దీపావళి లెక్కల్లో మిగిలిన దాంట్లోంచి గ్రాండ్‌కి ఈ డిసెంబర్ శ్రుతి మా సంఘం చేయిస్తుంది. ఇక మీదట భోజనాలు కెఫెటీరియాలోనే, స్టేజీ మీదికి ప్లేటు రాదు. పియానో జరపాల్సొస్తే కస్టోడియన్ ఉన్నప్పుడే.

గోదారిగట్టు · జనవరి 19

హామిల్టన్ పక్కన పన్నెండు డాలర్ల తేమ మీటరు పెట్టాను. బయట సున్నా ఫారన్‌హీట్, లోపల గదిలో తేమ 19 శాతం! మధ్య మెట్లు మళ్ళీ కొద్దిగా దిగాయి. కంపెనీ మ్యాచింగ్ డబ్బు వచ్చింది (నా గంటలు 41 ఎక్కించాను, మా ఆవిడవి ఇంకా ఎక్కువ), దాంతో తేమ పరికరం బిగించారు. స్పినెట్, కారిడార్ పియానో పోయాయి. ఉచితం అని నెల రోజులు ప్రకటన పెట్టినా ఎవరూ తీసుకోలేదు, చివరికి పట్టుకెళ్ళడానికి కూడా డబ్బు కట్టాల్సొచ్చింది. వెంటనే ఇంకొకాయన ఫోన్ చేసి మా అత్తగారి పియానో స్కూలుకి దానమిస్తానన్నాడు. టీచర్ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

తీగలమేస్త్రి · జనవరి 19

బాగా ఊపారు. వేసవి సెలవుల్లో స్కూలు ఏసీ ఆపేస్తుంది, తేమ 70 దాటుతుంది. పరికరం ప్లగ్గు మాత్రం తియ్యొద్దని కస్టోడియన్‌కి ఇప్పుడే చెప్పి, ప్లగ్గు మీద ఎర్ర టేపు అంటించండి. జూన్‌లో నేల తుడిచేటప్పుడు పీకేస్తారు, ఆగస్టు దాకా ఎవరూ చూడరు.

గోదారిగట్టు · ఏప్రిల్ 2

ఉగాది అయింది. గ్రాండ్ మీద మెతుకు కూడా లేదు. అమ్మ పోయిన వారం తిరిగి వెళ్ళిపోయింది, వెళ్ళేముందు పిల్లల రిహార్సల్‌కి వచ్చి, "గాంధారం ఇంకా బిర్రే, కానీ ఒక్క గొంతే పలుకుతోంది" అంది.

ఒక సందేహం. ఇవాళ కోరస్ టీచర్ ఫోటో పంపింది. హామిల్టన్ మెట్ల కింద చిన్న లైట్లు మూడున్నాయి కదా, వాటిలో పచ్చది నిలకడగా ఉంది, పసుపుది మిణుకుమిణుకుమంటోంది. టెక్నీషియన్ని పిలవాలా?

తీగలమేస్త్రి · ఏప్రిల్ 2

అక్కర్లేదు. తొట్టిలో నీళ్ళయిపోయాయి. పక్కన పొడుగు మూతితో చెంబు లాంటిది ఇచ్చి ఉంటారు, దాంతో గొట్టంలోంచి నీళ్ళు పొయ్యమనండి, రెండు నిమిషాల పని.